పిడి లేని తలుపు

మా ఒపేరా హాల్లో స్టేజీకి ఎడమ పక్కన ఒక గోడ ఉంది. దాని ముందు ఆడవాళ్ళెవరూ ఒంటరిగా నిలబడరు.

నిలబడితే ఏమవుతుందని అడిగితే తలా ఒక మాట చెబుతారు. మెడ మీద చల్లగా ఊపిరి తగులుతుందని ఒకరు, గ్యాసు వాసన వస్తుందని ఒకరు. కోరస్‌లో పాడే మగాళ్ళు ఆ మాట వింటే నవ్వుతారు. నవ్వి — ఆ గోడకు కాస్త ఎడంగా నడిచి వెళతారు. నేను విగ్గుల గదిలో పనిచేస్తాను. అందరి తలలూ నా చేతుల్లోంచే పోతాయి కాబట్టి ఎవరి భయం ఎంతో నాకు తెలుసు.

అందరూ ఒప్పుకునే మాట మాత్రం ఒకటే. ఆ గోడను లోపలి నుంచి ఎవరో కొడతారు.

టక్... టక్... టక్.

ఇప్పుడు చెప్పబోయేది నేను కళ్ళారా చూసింది కాదు. ఆ సాయంత్రం నేను పై అంతస్తులో నాటకం రాణి గారి విగ్గు దువ్వుతున్నాను. కొంత సొలాంజ్ చెప్పింది, కొంత ఫిర్మాన్ చెప్పాడు. మిగతాది గేతాన్ ఊరంతా చెప్పుకు తిరిగాడు, తను చేసిన పనేదో గొప్పదైనట్టు.

మా వాల్‌బ్రియే ఫ్రాన్సులో ఏమంత పెద్ద ఊరు కాదు. ఒకప్పుడు తోలుతో చేతితొడుగులు కుట్టి బతికింది. కుట్టిన ఆడవాళ్ళ వేళ్ళు వంకర్లు పోయాయి, కుట్టించిన మగాళ్ళు ఒపేరా కట్టించుకున్నారు. నాలుగేళ్ళ కిందట దానికి కొత్త రూపం ఇవ్వాలని పారిస్ నుంచి ఆర్కిటెక్టును పిలిపించారు. ఆయన ముందరి రాతిగోడను, దాని మీద వీణలు పట్టుకున్న రాతి అమ్మాయిలను అలాగే ఉంచి, లోపలి పేగులన్నీ తోడేశాడు. నెత్తిన గాజు గుమ్మటం పెట్టాడు. లోపలంతా నలుపు. గోడలు నలుపు, నేల నలుపు, కుర్చీలు నలుపు, పాయిఖానాలు కూడా నలుపే. ముఖం కనపడేంత మెరిసే నలుపు. పత్రికలు మురిసిపోయాయి. మాకు మాత్రం మిట్టమధ్యాహ్నం లోపల అడుగు పెట్టినా అర్ధరాత్రే.

మెట్లకు చిల్లుల ఇనుప పలకలు వేశాడు. ఎత్తు మడమల చెప్పులు వాటిలో ఇరుక్కుంటాయి. కింద నిలబడి తలెత్తితే చూపు తిన్నగా పైనున్న ఆడవాళ్ళ గౌన్లలోకే. ఆ మెట్లు గీసిన మనిషి జన్మలో గౌను తొడిగి ఎరగడని మేం మొదటిరోజే అనుకున్నాం. ఆ నక్షాకు ఊ కొట్టిన కమిటీలో ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ప్యాంట్లు వేసుకుంటారు.

ఇక ఆ ఎడమ గోడ.

దాని వెనక పాత మెట్లదారిలో మిగిలిన ముక్క ఉంది. పాత రాతిగోడకూ కొత్త నల్లగోడకూ మధ్య, మనిషి పక్కకు తిరిగి నడిస్తే పట్టేంత సందు. పై చివర షాంపేన్ బార్ గోడ అడ్డం వచ్చి మూసుకుపోయింది. కింది చివర ఒక నల్ల పలక. బయటి నుంచి అరచేత్తో నొక్కితే తెరుచుకుంటుంది. లోపలి నుంచి తెరవడానికి పిడి లేదు. జనం తిరిగే తలుపులకు చట్టం ప్రకారం అన్నీ ఉన్నాయి. ఇది నక్షాలో అల్మారా అట. అల్మారాలో మనుషులుండరు కదా.

కానీ ఉంటారు. ఎందుకంటే బార్‌కు మూడు గదులిచ్చిన మహానుభావుడు బట్టలు దాచుకోవడానికి మాకు ఒక్కటీ ఇవ్వలేదు. అందుకని పాత మెట్ల మీదే నడుము బిగించే కార్సెట్లు, లోపావడాలు వేలాడదీసుకున్నాం.

సొలాంజ్ గాయనీగాయకులకు బట్టలు తొడిగే మనిషి. అరవైకి దగ్గర పడింది. ఉబ్బసం ఉంది. ఒక్క ఊపిరిలో పది మాటలు అని, పదకొండో మాటకు దగ్గే రకం. అందరూ కూర్చున్న మీటింగులో లేచి అడిగింది.

"లోపల ఒక్క పిడి పెట్టించండి మొస్య. ఇత్తడిదైనా సరే, ఇనపదైనా సరే."

"మదామ్ సొలాంజ్, అది ఆర్కిటెక్టు గారి కళాకృతి," అన్నాడు డైరెక్టరు. "పిడి పెడితే గోడ అందం చెడుతుంది."

"అందులో ఇరుక్కుంటే నా ప్రాణం చెడుతుంది. దానికేమంటారు?"

అందరూ నవ్వారు. నవ్వాక బార్‌లో గ్లాసులు ఎలాంటివి కొనాలో మాట్లాడుకున్నారు.

అప్పటి నుంచీ లోపలికి వెళ్ళేటప్పుడు తలుపు పడిపోకుండా ఒక పాత బ్యాలే చెప్పును అడ్డం పెట్టేవాళ్ళం. గులాబీ రంగు వెలిసి, ముందు భాగం గట్టిబడిన చెప్పు. అదే మా పిడి.

కొట్టేది ఎవరని మీరు అడుగుతారు. దానికి రెండు కథలున్నాయి.

ఒకటి ఒపేరా వాళ్ళు అచ్చేసి పంచేది. గ్యాసు దీపాల కాలంలో ఎర్నెస్టిన్ అనే పంతొమ్మిదేళ్ళ డాన్సరు ఒక బారిటోన్ గాయకుణ్ణి ప్రేమించింది. అతను రాలేదు. ఆ మెట్ల మీద ఎదురుచూస్తూ, ఎదురుచూస్తూ ప్రాణం విడిచింది. ఇప్పటికీ అతని కోసం తలుపు తడుతూనే ఉంది... దీన్ని వింటే టూరిస్టులు నిట్టూరుస్తారు.

రెండోది బట్టల గదిలో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చింది. ఏడాది చందా కట్టి బాక్సు కొనుక్కున్న పెద్దమనుషులకు ఆ మెట్ల తాళం చెవి కూడా ఇచ్చేవాళ్ళు. వాళ్ళు తిన్నగా డాన్సు పిల్లలు బట్టలు మార్చుకునే చోటికి దిగివచ్చి, సంతలో బేరం చేసినట్టు చూసుకునేవాళ్ళు. ఒక తొడుగుల ఫ్యాక్టరీ యజమాని ఎర్నెస్టిన్‌ను మెట్ల మీద పట్టుకున్నాడు. ఆమె కొరికింది. "బుద్ధి వచ్చేదాకా ఇక్కడే ఉండు" అని రెండు తలుపులూ బిగించి, పోయి తన బాక్సులో కూర్చుని మిగతా ఆట చూశాడు. మెట్ల మీది గ్యాసు దీపం గాలికి ఆరింది. గ్యాసు ఆగలేదు.

ఆమె కొట్టింది. స్టేజీ వెనక ఉన్న మగాళ్ళంతా విన్నారు. పెద్దమనిషి సరదా ఏదో సాగుతోందని కన్ను గీటుకున్నారు.

బారిటోన్ ఎక్కణ్ణించి వచ్చాడో ఎవరికీ తెలీదు. చచ్చిపోయిన ఆడదానికి ఒక ప్రేమకథ అతికిస్తే చంపినవాడి పేరు ఎవరూ అడగరు. అందుకు వచ్చి ఉంటాడు.

ఇంకొక్క మనిషిని చెప్పాలి. ఫిర్మాన్. తెరలూ సెట్లూ పైకీ కిందికీ లాగించే పనివాళ్ళకు పెద్ద. గోడ కొట్టుకుంటోందని ఎవరైనా చెబితే, "రాయి చలికి మూలుగుతుంది, నా మోకాలు మూలగట్లేదా?" అనేవాడు. చాలా ఏళ్ళుగా వింటూనే ఉన్నాడు, ఒక్కసారీ లేచి చూడలేదు. కానీ స్టేజీ దగ్గర ఎవరైనా ఈల వేశారో — అయిపోయారు. పూర్వం తాళ్ళు లాగింది ఓడలు దిగివచ్చిన నావికులు, వాళ్ళ సైగలన్నీ ఈలలే. ఎవడో సరదాకు ఈల వేస్తే ఎవరి నెత్తినో ఒక రాజమహలు వచ్చి పడేది. అదీగాక ఆట బాగోలేదని ఛీకొట్టాలంటే మా ప్రేక్షకులు ఈలే వేస్తారు. రెండు విధాలా అది అపశకునం. ఒకసారి కొత్తగా వచ్చిన కరెంటు పనివాడు ఈల వేస్తే, ఫిర్మాన్ వాణ్ణి బయటికి గెంటి, దోషం పోవడానికి అక్కడ గిరగిరా తిరిగి, తలుపు కొట్టి, లోపలికి రానివ్వమని అందరి ముందూ బతిమాలుకోమన్నాడు. వాడు బతిమాలుకున్నాడు కూడా.

సెప్టెంబరులో ఒక శనివారం దేశంలోని పాత కట్టడాలన్నీ జనానికి ఉచితంగా తెరుస్తారు. ఆ రోజు మా వీధి చివరిదాకా వరస. లోపల గుంపులు గుంపులుగా తిప్పి చూపించే పని ప్రచార విభాగంలోని గేతాన్‌ది. మంచి గొంతు, మంచి టై. ఎర్నెస్టిన్ కథ చెబుతూ తనే బారిటోన్ అయినట్టు కళ్ళు అరమూస్తాడు.

సాయంత్రం రిహార్సలుకు కార్సెట్లు కావాల్సి వచ్చి సొలాంజ్ ఆ మెట్లెక్కింది. సందులో మేకులకు చిక్కుకుంటుందని ఏప్రన్ విప్పి బయట కుర్చీ మీద వేసింది. దాని జేబులోనే ఫోను. దాని జేబులోనే పీల్చే మందు. తలుపుకు చెప్పు అడ్డం పెట్టింది.

గేతాన్ తన గుంపుతో వచ్చాడు. మెరిసే నల్లగోడ... దాని అడుగున మురికి చెప్పు. చూడటానికి బాగోలేదు. వంగి, దాన్ని లాగేశాడు. పలక పడింది — క్లిక్.

అంతటితో ఆగలేదు. ఆ చెప్పును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "మిత్రులారా... ఇది ఎర్నెస్టిన్ చెప్పు," అన్నాడు.

ఫోటోలు తీసుకున్నారు.

సొలాంజ్ ఆ క్లిక్ విన్నది. "తలుపు తియ్యి రా వెధవా" అని అరిచానని చెప్పింది. కానీ పాటకు ప్రతిధ్వని రాకూడదని ఆ నల్లగోడ వెనకంతా ఆర్కిటెక్టు దళసరి ఉన్ని పట్టించాడు. గొంతు ఉన్నిలోకి ఇంకిపోతుంది. ఉన్ని దుమ్ము మాత్రం ముక్కులోకి వస్తుంది. రెండోసారి అరవబోతే దగ్గొచ్చింది. మూడోసారికి ఊపిరే రాలేదు.

కార్సెట్లో ఉండే ఇనుప కమ్మీ ఒకటి లాగి, దానితో పలక మీద కొట్టింది.

టక్... టక్... టక్.

మా దగ్గర నాటకం మొదలయ్యేముందు కర్రతో నేల మీద మూడు దెబ్బలు కొడతారు. ఆ దెబ్బలు పడితే తెర లేస్తుందని ప్రతి పిల్లకూ తెలుసు. బయట గుంపు ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత —

చప్పట్లు కొట్టింది.

"చప్పట్లు విన్నాను," అంది సొలాంజ్ నాతో. "నలభై ఏళ్ళు స్టేజీ వెనక పనిచేశాను. నాకు చప్పట్లు పడటం అదే మొదలు."

గేతాన్ కూడా ఉలిక్కిపడ్డాడట. కానీ శబ్ద విభాగం వాళ్ళు తనకు చెప్పకుండా స్పీకరు దాచి ఉంటారనుకున్నాడు. శబ్ద విభాగం వాళ్ళు ఇది గేతాన్ తెలివనుకున్నారు. దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించారు కూడా.

గుంపులో తడి గొడుగు పట్టుకున్న ఒకావిడ గోడకు చెవి ఆనించింది.

"లోపల మనిషి ఉంది," అంది.

"అదేనే మరి, దెయ్యం ఉంది," అన్నాడు మొగుడు.

"కాదు. దగ్గుతోంది."

"ఎంత బాగా చేశారో చూడు మరి. పద, పద, వెనకవాళ్ళకు దారియ్యి."

"మొస్య," అని ఆవిడ గేతాన్‌ను పిలిచింది, "ఒకసారి తీసి చూడరాదా?"

గేతాన్ వేలు పెదవుల మీద పెట్టుకుని గుసగుసగా అన్నాడు — "మదామ్... తీస్తే మాయ పోతుంది."

అందరూ మెత్తగా నవ్వారు. మొగుడు ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళింది. ఆ గోడను ఒక్క అరచెయ్యి ఆనించి నొక్కితే చాలు. ఆ చెయ్యి మొగుడి చేతిలో ఉంది.

తర్వాతి గుంపు వచ్చింది. కథ మళ్ళీ మొదలైంది. బారిటోన్... ఎదురుచూపు...

టక్... టక్...

మూడోది చాలాసేపటికి గానీ పడలేదు. అది కూడా బాగా నప్పిందని గేతాన్ అనుకున్నాడు. దాని కోసం మాట ఆపి ఎదురుచూశాడు. అది పడగానే కళ్ళు మూసుకుని తల పంకించాడు.

తర్వాత దెబ్బలు ఆగిపోయాయి.

"అలిసిపోయింది పాపం," అన్నాడొకాయన. మళ్ళీ నవ్వులు.

అప్పుడు... ఈల వినబడింది.

పొడుగ్గా, సన్నగా, చెవులు చీల్చేటట్టు ఒక్కటే ఈల. ఎక్కడా వణకలేదు.

స్టేజీ మీద పనివాళ్ళంతా రెండు చేతులూ తల మీద పెట్టుకుని పైకి చూశారు. ఫిర్మాన్ చేతిలో కాఫీ కప్పు జారింది. ఆడది తలుపు కొడితే ఏళ్ళ తరబడి లేవని మనిషి, ఈల వినగానే మోకాళ్ళ నొప్పి మరిచి పరిగెత్తాడు. టూరిస్టులను తోసుకుంటూ వచ్చాడు.

"ఎవడ్రా అది? నా స్టేజీ దగ్గర ఎవడ్రా ఈల వేసింది?"

గేతాన్ గోడ వైపు చూపించాడు.

"లోపల దాక్కున్నావా? ఉండు, నీ పని చెబుతా," అని ఫిర్మాన్ అరచేత్తో పలకను ఒక్క గుద్దు గుద్దాడు.

పలక తెరుచుకుంది. సొలాంజ్ అతని కాళ్ళ మీద పడింది.

పెదవులు నీలంగా ఉన్నాయి. చేతిలో కమ్మీ వంగిపోయి ఉంది. ముఖమంతా ఉన్ని నూగు.

ఎవరో మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురు కొట్టారు, ఆగిపోయారు. ఆ తడి గొడుగావిడే ఎక్కణ్ణించో మనుషుల్ని తోసుకుని పరిగెత్తుకొచ్చి, కుర్చీ మీది ఏప్రన్ జేబులు తడిమి, మందు తీసి సొలాంజ్ నోట్లో పెట్టింది. మొగుడు వెనకనుంచి "మనకెందుకే" అంటూనే ఉన్నాడట.

సొలాంజ్ బతికింది.

డైరెక్టరు "దురదృష్టకరం" అన్నాడు. గేతాన్ "నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఆర్కిటెక్టు పారిస్ నుంచి ఫోన్ చేసి, అల్మారాను అల్మారాగా వాడి ఉంటే ఇలా జరిగేది కాదన్నాడు. అంటే తప్పెవరిదో తేలింది కదా. సొలాంజ్‌ది.

నాలుగో రోజున ఫిర్మాన్‌తో కలిసి నేను ఆస్పత్రికి వెళ్ళాను. అతను చెర్రీ జామ్ తెచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, తలగడ సరిచేసి, చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. క్షమించమని అడగడం అతనికి రాదు. అందుకని తిట్టాడు.

"అయినా సొలాంజ్, ఇన్నేళ్ళు ఒపేరాలో పనిచేసి, స్టేజీ దగ్గర ఈల వెయ్యకూడదని తెలీదూ నీకు?"

సొలాంజ్ నవ్వబోయి దగ్గింది. "ఏమంటున్నావ్ ముసలోడా?"

"ఈల. పొడుగ్గా ఒక్కటి వేశావుగా. అందుకేగా నేను వచ్చింది."

ఆమె నవ్వు ఆగిపోయింది. నా వైపు చూసింది, మళ్ళీ అతని వైపు.

"కేక వెయ్యడానికే ఊపిరి లేదు నాకు," అంది మెల్లగా. "అరచెయ్యి ఎత్తే ఓపిక లేక మెట్టు మీద పడి ఉన్నాను. ఈల నేనెక్కడ వేశాను? అది నువ్వు కాదా?"

"నేనా?"

"పైనుంచి దిగివస్తున్నావేమో, ధైర్యం చెప్పడానికి వేశావేమో అనుకున్నా. నా వెనక... పై మెట్ల మీంచి వచ్చింది. అటు దారి మూసేశారని తర్వాత గుర్తొచ్చింది."

ఫిర్మాన్ టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. నేను జామ్ సీసా మూత తియ్యబోయి, తియ్యకుండానే బల్ల మీద పెట్టేశాను.

థియేటరులో పెరిగిన పిల్లలకు ఎనిమిదో ఏట నేర్పే మొదటి మర్యాద, ఈల వెయ్యకూడదని. ఎర్నెస్టిన్‌కూ నేర్పే ఉంటారు. గ్యాసు నిండిపోతున్నా ఆ పిల్ల మర్యాద తప్పలేదు, తలుపే కొట్టింది. తలుపు కొట్టే ఆడదాని కోసం ఎవరూ రారని తెలుసుకోవడానికి ఆమెకు ఇన్నేళ్ళు పట్టింది.

తర్వాతి సోమవారం ఆడవాళ్ళం ఎవరమూ పనిలోకి దిగలేదు. కార్సెట్లు మెట్ల మీద, మేం మెట్ల ముందు. మధ్యాహ్నానికి ఫిర్మాన్ పెద్దమనుషుల పాత బాక్సు తలుపు నుంచి ఊడదీసి దాచుకున్న ఇత్తడి పిడి తెచ్చి, లోపలి వైపు తన చేత్తోనే బిగించాడు. మర్నాడు పిడి తీసెయ్యమని ఆర్కిటెక్టు ఆఫీసు నుంచి ఫోన్ వస్తే తీసుకుని ఇలా అన్నాడు.

"వచ్చి తీసుకుపొండి మొస్య. మీరు లోపలికి వెళ్ళాక నేను తలుపు వేస్తాను. వేశాక ఊడదీయండి."

ఎవరూ రాలేదు.

గోడ కొట్టుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది. సొలాంజ్ తిరిగి పనిలోకి వచ్చింది. రోజూ ఆ పిడిని ఏప్రన్ అంచుతో తుడుస్తుంది.

గేతాన్ మాత్రం మారలేదు. మొన్న వసంతంలో ఒక గుంపును అక్కడే నిలబెట్టి, కళ్ళు అరమూసి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడట. "పంతొమ్మిదేళ్ళ ఎర్నెస్టిన్... ఒక బారిటోన్‌ను ప్రాణంగా ప్రేమించింది..."

గోడ లోంచి ఈల.

పొడుగ్గా, సన్నగా, ఒక్కటే.

గుంపు గేతాన్ వైపు చూసింది. గేతాన్ ఫిర్మాన్ వైపు చూశాడు, తిట్టడానికి వస్తాడేమోనని. ఫిర్మాన్ రాలేదు. స్టేజీ మీద ఉన్నచోటే టోపీ తీసి నిలబడ్డాడు.

"ఎ... ఎవరది?" అన్నాడు గేతాన్.

"ప్రేక్షకులు," అన్నాడు ఫిర్మాన్.